భీము అమరుడైన తేదీ ఏది?

జోడేఘాట్‌లో ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు మనం కుమ్రం భీము వర్ధంతి జరుపుకుంటాం. ఊరి పెద్దలు చెప్పేది కూడా ఆ పౌర్ణమినే, ఇంగ్లీషు తేదీని కాదు. ఫోన్‌లో వెతికితే మాత్రం 1940 సెప్టెంబరు 1 అని ఒకచోట, అక్టోబరు 8 అని మరోచోట, అక్టోబరు 27 అని ఇంకోచోట కనిపిస్తుంది. బడిలో వ్యాసం రాసే పిల్లలు మొదట కనబడ్డ తేదీని ఎత్తి రాసేస్తారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దీన్ని పరీక్షించడం మీకు చేతనైన పనే. పాత పంచాంగం లెక్క చూడండి. 1940లో ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబరు 16న వచ్చింది. అక్టోబరు 8 నాటికి చంద్రుడు సగమే. 27 అయితే దీపావళికి మూడు రోజుల ముందు, మన దండారి ఆడే చీకటి రాత్రుల్లో పడుతుంది. సెప్టెంబరు 1 దాదాపు అమావాస్య. అంటే ఈ మూడింటిలో ఏదీ పెద్దల మాటతో కలవదు.

అలాగని 16వ తేదీయే ఖాయమని మనమూ రాసేయకూడదు. పౌర్ణమి జనం జ్ఞాపకం. జ్ఞాపకానికి విలువ ఉంది, కానీ దాన్ని కాగితంతో సరిచూడాలి. అక్కడ ఇంకో చిక్కుంది. నిజాం సర్కారు కాగితాల్లో తేదీలు ఫసలీ లెక్కలో ఉండేవి. ఆజూర్, దై, బహమన్ అని నెలల పేర్లే వేరు. కొత్త ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. సరిగ్గా ఆ సంధిలో జరిగిన సంఘటనకు తేదీ మారిస్తే నెలే కాదు, ఏడాది కూడా తప్పిపోవచ్చు.

వికీపీడియాను ఎవరైనా సవరించవచ్చు. అది దాని బలం, బలహీనత కూడా. వ్యాసం పైన ‘చరిత్ర’ అనే మీట నొక్కితే ఏ తేదీని ఎప్పుడు మార్చారో కనబడుతుంది. ‘చర్చ’ పేజీలో వాదనలు చదవవచ్చు. వాక్యం చివరి చిన్న అంకె ఎక్కడికి తీసుకెళ్తుందో తప్పక చూడండి. చాలాసార్లు అది ఒక వార్తకు చేరుతుంది, ఆ విలేకరి వికీపీడియానే చూసి రాసి ఉండవచ్చు. అప్పుడు రెండు ఆధారాలు కాదు, ఉన్నది ఒక్కటే.

ఆధారం ఎలాంటిదన్నదీ ముఖ్యమే. సాహు, అల్లం రాజయ్య రాసిన ‘కొమురం భీం’ గొప్ప నవల. అయినా నవలలోని సంభాషణను భీము నోటి మాటగా ఉటంకించలేం. సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. అల్లూరి 1924లోనే అమరుడయ్యాడు, ఆయనా భీమూ స్నేహితులైనది వెండితెర మీదే. ఆ పోరాటం ముగిసిన కొద్దికాలానికే మన గూడేలు తిరిగిన హైమెండార్ఫ్ రాతలు వీటికంటే దగ్గరి సాక్ష్యం. కానీ ఆయన నిజాం ప్రభుత్వం తరఫున పనిచేసినవాడని గుర్తుంచుకుని చదవాలి.

మీరు కట్టిన పౌర్ణమి లెక్కను వికీపీడియా నేరుగా తీసుకోదు. సొంత పరిశోధనకు అక్కడ చోటు లేదు, అచ్చయినది చూపమంటారు. మన చరిత్ర ఎక్కువగా నోటి మాటలోనే ఉంది గనుక ఈ నియమం మనకు బరువైనదే. అందుకే ఈ దండారికి ఇంటికి వెళ్లినప్పుడు తాతలు, అవ్వలు చెప్పేది గోండిలోనే రికార్డు చేయండి. చెప్పినవారి పేరు, ఊరు, వాళ్లకు ఎవరు చెప్పారన్నది, రికార్డు చేసిన తేదీ రాసుకోండి. తర్వాత అచ్చు వేయించుకుందాం. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు ఉర్దూ దస్త్రాలున్నాయి. మనలో ఉర్దూ చదవగలిగేవారు ఎవరైనా ఉంటే ముందుకు రండి.