న్యూట్రినో: పేరు వెనక కథ

న్యూట్రినో విద్యుదావేశం లేని, ద్రవ్యరాశి అత్యల్పమైన ప్రాథమిక కణం. మాట పుట్టింది ఇటాలియన్‌లో. తెలుగులో ‘బుల్లి తటస్థం’ అంటే సరిగ్గా అతుకుతుంది.

కణం కన్నా ముందు దాని అవసరం పుట్టింది. బీటా క్షయంలో కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ వెలువడుతుంది. అన్నీ ఒకే శక్తితో రావలసిన ఆ ఎలక్ట్రాన్లు ఒకటి ఎక్కువతో, ఒకటి తక్కువతో వచ్చేవి. పద్దు కుదరలేదు. శక్తి నిత్యత్వ నియమాన్నే వదులుకోవాలేమోనని నీల్స్ బోర్ అంతటివాడు తర్జనభర్జన పడ్డాడు. వోల్ఫ్‌గాంగ్ పౌలీ మాత్రం ఆ లోటును కంటపడని మరో కణం పట్టుకుపోతోందన్నాడు. ఈ మాట చెబుతూ 1930 డిసెంబరు 4న ఆయన జూరిచ్ నుంచి ట్యూబింగెన్ సమావేశానికి రాసిన లేఖ ‘రేడియోధార్మిక’ స్త్రీపురుషులను సంబోధిస్తూ మొదలవుతుంది. ఊళ్లో నాట్యోత్సవం ఉంది కనుక రాలేనన్న సంజాయిషీ కూడా అందులో ఉంది!

పౌలీ దానికి పెట్టిన పేరు న్యూట్రాన్.

1932లో జేమ్స్ చాడ్విక్ కేంబ్రిడ్జిలో ప్రోటానంత బరువున్న తటస్థ కణాన్ని కనుగొన్నాడు. ఆ పేరు దానికి స్థిరపడింది. మరి పౌలీ కణం సంగతి? ఇటాలియన్‌లో మాట చివర ‘ఓనే’ వస్తే పెద్దది, ‘ఈనో’ వస్తే చిన్నది. ఇటాలియన్ల నోట ‘న్యూట్రోనే’ అంటే పెద్ద తటస్థమన్నట్టే వినిపిస్తుంది. రోములో ఎన్రికో ఫెర్మీ బృందం కబుర్లలో ఎదోఆర్దో అమాల్డీ సరదాగా ‘న్యూట్రినో’ అన్నాడు. ఫెర్మీ ఆ మాటను అంతర్జాతీయ సభలకు మోసుకెళ్లాడు.

మూలంలో ఉన్న లాటిన్ ‘న్యూటర్’కు రెంటిలో ఏదీ కాదని అర్థం. స్త్రీ కాదు, పురుషుడు కాదు అనే మన నపుంసకలింగం లెక్కా అదే.

పేరు స్థిరపడినా కణం చిక్కడానికి 1956 దాకా ఆగవలసి వచ్చింది. అమెరికాలోని సవానా రివర్ అణు రియాక్టర్ దగ్గర ఫ్రెడరిక్ రైనస్, క్లైడ్ కోవన్ పట్టుకున్నారు. కచ్చితంగా చెప్పాలంటే వారికి దొరికింది ప్రతిన్యూట్రినో.

విశ్వకిరణాలు వాతావరణంలో పుట్టించే న్యూట్రినోల జాడ మాత్రం మన పక్కనే తెలిసింది. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించే కోలారు బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ సహచరులతో కలిసి 1965లో దాన్ని నమోదు చేశారు. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో రైనస్ బృందానికీ ఆ జాడ దొరికింది. అదీ బంగారు గనే.