ఓపెన్ ఎనర్జీ మానిటర్

ఓపెన్ ఎనర్జీ మానిటర్ ఇంటి విద్యుత్ వాడకాన్ని కొలిచి, నమోదు చేసి, తెరపై చూపే పరికరాలు, సాఫ్ట్‌వేర్ల సముదాయం. బ్రిటన్‌లోని వాయవ్య వేల్స్‌లో 2009 ప్రాంతంలో గ్లిన్ హడ్సన్, ట్రిస్టన్ లీ దీన్ని మొదలుపెట్టారు. సర్క్యూట్ పటాలు, ప్రోగ్రాములు, లెక్కించే పద్ధతి అన్నీ బహిరంగంగా ఉండటం దీని ముఖ్య లక్షణం. నెలవారీ బిల్లు మొత్తం యూనిట్లనే చెబుతుంది; ఏ వేళ ఎంత కరెంటు కాలిందో ఈ వ్యవస్థ చూపుతుంది.

కొలిచే విధానం

తీగను కోయకుండా మెయిన్ లైను చుట్టూ క్లిప్పులా బిగించే సీటీ సెన్సర్ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) దీనికి ఆధారం. ఎక్కువగా వాడే ఎస్‌సీటీ-013-000 రకంలో తీగ గుండా 100 ఆంపియర్లు పారితే సెన్సర్ నుంచి 50 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. ఒక రెసిస్టర్ ఈ ప్రవాహాన్ని వోల్టేజిగా మారుస్తుంది. ఆ వోల్టేజిని చదివే మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టులతో పనిచేస్తే 22 ఓంల రెసిస్టర్ సరిపోతుంది. సెన్సర్‌ను ఫేజ్ తీగకో న్యూట్రల్ తీగకో ఒక్కదానికే బిగించాలి. రెండింటినీ కలిపి బిగిస్తే వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని రీడింగు సున్నా అవుతుంది.

ప్రవాహం ఒక్కటే తెలిస్తే చాలదు. ఫ్రిజ్, పంపు వంటి మోటార్లలో కరెంటు వోల్టేజి కంటే వెనుకబడి ఉంటుంది. అందుకే గోడ సాకెట్‌కు పెట్టే చిన్న ఏసీ అడాప్టర్ ద్వారా వోల్టేజిని కూడా కొలుస్తారు. ప్రతి క్షణపు వోల్టేజి, కరెంటుల లబ్ధాలను సగటు చేస్తే వాస్తవ శక్తి వాట్లలో వస్తుంది. ఈ పద్ధతిలో విద్యుత్ ప్రవహించే దిశ కూడా తెలుస్తుంది. పైకప్పు మీద సోలార్ పలకలున్న ఇంట్లో గ్రిడ్ నుంచి తీసుకున్నదెంతో, గ్రిడ్‌కు పంపినదెంతో విడివిడిగా లెక్కకు వస్తాయి.

మీటరుపై ఉండే చిన్న ఎల్‌ఈడీ దీపం మెరుపులను కాంతి సెన్సర్‌తో లెక్కించడం మరో మార్గం. మీటరుపై యూనిట్‌కు 3,200 పల్సులని రాసి ఉంటే, అన్ని మెరుపులకు ఒక యూనిట్ అయినట్లు.

పరికరాలు, సాఫ్ట్‌వేర్

సెన్సర్లను చదివే పరికరం పేరు ఎమన్‌టీఎక్స్. ఎమన్‌పై అనే మరో పరికరం రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌తో కలిసి పనిచేస్తుంది. గదుల ఉష్ణోగ్రత, తేమలను ఎమన్‌టీహెచ్ కొలుస్తుంది. వీటి రీడింగులు ఎమన్‌సీఎంఎస్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్‌కు చేరి గ్రాఫులుగా మారతాయి. నిర్ణీత వ్యవధితో వచ్చే రీడింగుల పక్కన సమయం రాయనక్కర్లేదు. వరుసలోని స్థానమే సమయాన్ని చెబుతుంది. ఒక్కో రీడింగుకు 4 బైట్లే పడతాయి కాబట్టి, 10 సెకన్లకోసారి నమోదు చేసినా ఏడాదికి దాదాపు 12.6 మెగాబైట్లు చాలు.

బహిరంగత, గోప్యత

ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో విద్యుత్ రీడింగులను బట్టి ఊహించవచ్చు. ఎమన్‌సీఎంఎస్‌ను ఇంట్లోని కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు కాబట్టి ఆ సమాచారం గడప దాటనక్కర్లేదు. కొలత ఎలా జరుగుతుందో ఎవరైనా పరిశీలించవచ్చు, మీటరు రీడింగుతో సరిచూసి లెక్కలో వాడే గుణకాలను సవరించుకోవచ్చు. తమ వాడకాన్ని తామే కొలుచుకుని, ఆ కొలతను తామే తనిఖీ చేసుకునే వీలు కుటుంబాలకు దక్కడం ఈ ప్రాజెక్టు ఇచ్చిన విలువైన ఫలితం. మెయిన్ బోర్డు తెరిచి చేసే అమరికను మాత్రం అర్హత గల ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోవాలి.