నల్లమల కాలిదారులు: శ్రీశైల యాత్రాపథ చరిత్రలో నీటి జాడలు

పీఠిక

శ్రీశైల చరిత్రను మనం ఎక్కువగా ఆలయ చరిత్రగానే చదువుకున్నాం. ఏ రాజు ఏ మండపం కట్టించాడు, ఏ శాసనం ఏ దానాన్ని చెబుతోంది, ఏ మఠం ఏ కాలంలో వర్ధిల్లింది అన్న ప్రశ్నల చుట్టూనే ఆ చరిత్ర అల్లుకుంది. మోటారు రోడ్డు రాకముందు ఈ క్షేత్రానికి చేరిన ప్రతి యాత్రికుడూ నల్లమల అడవిని దాటి రావలసిందే. కాలినడకనో డోలీలోనో దాటవలసిన ఆ అడవిలో దారులు ఎలా ఏర్పడ్డాయి, అవి ఎవరి పరిజ్ఞానం మీద నిలిచాయి అన్న ప్రశ్న మాత్రం వెనుకబడిపోయింది. ఆత్మకూరు వైపునుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే కాలిదారిని ప్రధానంగా తీసుకొని, తెలుగు సాహిత్యాధారాలను స్థలనామాలతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాలుగు ద్వారాలు, అనేక దారులు

శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారక్షేత్రాలని సంప్రదాయం చెబుతుంది. ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం ఉపద్వారాలు. ఈ విభజనను కేవలం పౌరాణిక కల్పనగా తోసిపుచ్చలేం. ఇందులో ఒక ప్రయాణ భూగోళం ఉంది. ద్వారం అంటే యాత్రికుడు అడవిలోకి అడుగుపెట్టే ముందు ఆగి, సంబారాలు సమకూర్చుకొని, తోడు వెతుక్కునే చోటు. కొండ మీద ఒకే గుడి ఉన్నా దాని చుట్టూ ఎనిమిది ద్వారాలను లెక్కించడంలోనే యాత్రికులు ఎన్ని దిక్కులనుంచి వచ్చేవారో తెలుస్తుంది. ఉత్తరంనుంచి వచ్చేవారు అమ్రాబాద్ పీఠభూమిని దాటి, కృష్ణలోకి దిగి, పాతాళగంగ వద్ద నది దాటి మళ్లీ కొండ ఎక్కాలి. పడమటినుంచి వచ్చే కన్నడ యాత్రికులకు ఆత్మకూరు దారి అనుకూలం. ఉగాదికి వారు నేటికీ ఈ దారినే నడిచి వస్తున్నారు.

పాటగా మిగిలిన దారి

ఈ యాత్రను విస్తృతంగా వర్ణించిన తొలి తెలుగు కావ్యం పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర. అందులోని అయిదు ప్రకరణాలలో చివరిది పర్వత ప్రకరణం. శివరాత్రికి కొండకు తరలివచ్చే జనసమూహాలను, వారి ఆటపాటలను, వేషాలను, బొమ్మలాటలను సోమనాథుడు అక్కడ విస్తారంగా వర్ణించాడు. అతడు పేర్కొన్న దేశి పదాలలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, నివాళి పదాలతో పాటు పర్వత పదాలు కూడా ఉన్నాయి. జానపద గేయ చరిత్రకారులు ఈ పట్టికను తెలుగు పాట ప్రాచీనతకు ఆధారంగా తీసుకున్నారు. యాత్రాపథ చరిత్రకు కూడా ఇది ఆధారమే. ఒక పాట జాతికి కొండ పేరు స్థిరపడాలంటే, ఆ కొండ నిమిత్తంగా పాడుకునే జనం తరతరాలుగా ఉండి ఉండాలి. కవి దృష్టి మాత్రం జనం మీద, వారి భక్తి మీద నిలిచింది. వారిని అడవి దాటించిన ఏర్పాట్ల మీద నిలవలేదు. అది కావ్య ప్రయోజనానికి బయటి విషయం.

రాయిగా మిగిలిన దారి

పద్నాలుగో శతాబ్దంలో దారి శాసనాలకు ఎక్కింది. అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు కట్టించాడు. ఎఱ్ఱన తన హరివంశాన్ని అంకితమిచ్చింది ఈ రాజుకే. 1393లో విజయనగర చక్రవర్తి రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించింది. వీటిని దానధర్మాల జాబితాలో చేర్చి వదిలేయడం పరిపాటి. అయితే మెట్లు ఎక్కడ కడతారు అని ప్రశ్నించుకుంటే మరో విషయం బయటపడుతుంది. మెట్లు ఏటవాలులోనే అవసరం. భీముని కొలను లోయలో దిగుడూ ఎగుడూ, కృష్ణ ఒడ్డుకు దిగే చరియ వంటి చోట్ల రాతిపని కనిపిస్తుంది. వాటి మధ్య మైళ్ల పొడవునా సాగే సమతల అటవీమార్గానికి కట్టడమేదీ అక్కరలేదు. దాన్ని పాదాలే చేశాయి. కాబట్టి రాజులు దారిని సృష్టించారనడం కంటే, అప్పటికే నడుస్తున్న దారిలో కష్టమైన తావులను సులభం చేశారనడం సముచితం. కట్టించినవారి పేరు శాసనంలో నిలిచింది. నడిచి దారి వేసినవారి పేరు నిలవలేదు.

మజిలీలుగా మిగిలిన దారి

ఈ దారిని యాత్రికుని కంటితో చూపిన గ్రంథం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ల 1838లో ఈ గ్రంథాన్ని అచ్చువేయించాడు. వీరాస్వామయ్య ఆత్మకూరునుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం మీదుగా శ్రీశైలం చేరాడు. ఆనాడు ఈ ప్రాంతం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది. నవాబు యాత్రికులనుంచి పన్ను వసూలు చేసిన సంగతిని కూడా అతడు నమోదు చేశాడు. 1839లో కందనూరు నవాబు పదవీచ్యుతుడై ఆ ప్రాంతం కుంపిణీ వశమైంది. అంటే, సంస్థానం అంతరించడానికి తొమ్మిదేళ్ల ముందు, పన్ను చెల్లించి నడిచిన దారి చిత్రం మనకు వీరాస్వామయ్య రాతలో దక్కింది. అంతకు ముందు 1794లో కాలిన్ మెకంజీ కూడా శ్రీశైలాన్ని దర్శించి, ఆ ఆలయ వర్ణనను ఏషియాటిక్ రిసెర్చెస్ సంపుటంలో ప్రకటించాడు. అందులో క్షేత్రనామం 'పర్వతం' అన్న మాటకు ఇంగ్లీషు ఉచ్చారణగానే కనిపిస్తుంది. జనం నోట ఆనాడు వాడుకలో ఉన్నది 'శ్రీశైలం' కంటే 'పర్వతం' అని దీనివల్ల ఊహించవచ్చు. సోమనాథుని ప్రకరణ నామంతో ఇది సరిపోతోంది.

స్థలనామాల సాక్ష్యం

పై ఆధారాలలో లేని సమాచారం దారి మీది పేర్లలో ఉంది. నాగలూటి దాటాక వరుసగా వచ్చే మజిలీలు దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను. కుంట, చెరువు, బావి, కొలను అన్న ఈ నాలుగు ఉత్తరపదాలూ నీటి తావులే. ఊరు, పల్లె, కోట, పేట అన్నవి ఒక్కటీ లేవు. ఇది యాదృచ్ఛికం కాదు. శివరాత్రి మాఘ బహుళంలో వస్తుంది, ఉగాది చైత్రారంభంలో. రెండూ వానలు వెనుకబడి వాగులు ఎండే కాలాలు. వర్షాకాలంలో వాగులు దారికి అడ్డం. ఎండాకాలంలో నీరు లేకపోవడమే అడ్డం. యాత్ర ఎండాకాలానిది కాబట్టి, దారి దగ్గరితనాన్ని బట్టి కాక నీటి లభ్యతను బట్టి సాగింది. ఒక నీటి తావునుంచి మరో నీటి తావుకు గీసిన గీతే ఈ దారి.

ఏ కుంటలో ఏ నెల వరకు నీరు నిలుస్తుందో బయటినుంచి ఏడాదికోసారి వచ్చే యాత్రికునికి తెలియదు. ఆ అడవిలోనే ఏడాది పొడవునా బతికే వారికి తెలుస్తుంది. నల్లమలలో ఆ బతుకు చెంచులది. తేనె, దుంపలు, పళ్లు సేకరిస్తూ, వేటాడుతూ, నీటిని అనుసరించి తావులు మార్చుకునే వారి జీవనాన్ని హైమన్‌డార్ఫ్ 1943లో ప్రకటించిన తన గ్రంథంలో అమ్రాబాద్ చెంచులను ఆధారం చేసుకొని వివరించాడు. పెద్దచెరువు వద్ద నేటికీ చెంచు గూడెం ఉంది. మల్లికార్జునుడు చెంచు కన్యను పెళ్లాడి చెంచు మల్లయ్య అయ్యాడన్న గాథను కూడా ఈ వెలుగులో చదవాలి. దేవుణ్ణి చెంచుల అల్లుణ్ణి చేసిన ఆ కథ, క్షేత్రానికీ అడవికీ ఉన్న బాంధవ్యాన్ని శాసనాల కంటే స్పష్టంగా ఒప్పుకుంటోంది.

దారి మారినప్పుడు

ఇరవయ్యో శతాబ్ది మధ్యనుంచి దోర్నాల మీదుగా మోటారు రోడ్డు, ఆ తరువాత కృష్ణ మీద ఆనకట్ట ఈ భూగోళాన్ని మార్చివేశాయి. ఉపద్వారాలలో ఏలేశ్వరం నాగార్జునసాగర్ జలాశయంలో మునిగింది. సంగమేశ్వరం శ్రీశైలం జలాశయంలో మునిగి, నీరు తగ్గిన నెలలలో మాత్రమే బయటపడుతోంది. 1983లో నల్లమల ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చింది. ఇప్పుడు ఆత్మకూరు కాలిదారి అటవీశాఖ అనుమతితో ప్రధానంగా పండుగ రోజులలో తెరుచుకుంటుంది.

పులి సంరక్షణ అవసరాన్ని ఎవరూ కాదనలేరు. కానీ ఈ దారిని ఒక వంక యాత్రికుల మార్గంగా, మరో వంక సాహస నడకల మార్గంగా మాత్రమే గుర్తిస్తే, దాన్ని నిలిపిన మూడో పక్షం చరిత్రనుంచి తప్పుకుంటుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంప్రదాయ ఆవాసాన్ని హక్కుగా గుర్తిస్తోంది. ఆవాసమంటే గూడెం ఒక్కటే కాదు. నీటికీ, తేనెకూ, దేవరకూ వెళ్లే దారులు కూడా. అటువంటి దారికి పాతదనాన్ని నిరూపించే ఆధారంగా స్థలనామాలు ఉపకరిస్తాయి.

ఉపసంహారం

సోమనాథుడు ఈ యాత్రను పాటలో, రెడ్డి రాజులు రాతిలో, వీరాస్వామయ్య మజిలీల వరుసలో భద్రపరిచారు. ఈ మూడింటికీ ఆధారమైన నీటి పరిజ్ఞానం మాత్రం పేర్లలోనే మిగిలింది. రోడ్డు మీద వెళ్లేవారికి ఆ పేర్లతో అవసరం లేదు. అవసరం తీరిన పేరు ఒకటి రెండు తరాలలో మరుగున పడుతుంది. కనుక నల్లమల కాలిదారుల మీది కుంటలు, బావులు, చెలమలు, బండల పేర్లను గూడేలలోని పెద్దల నోటినుంచి సేకరించి, పటం మీద గుర్తించి, వారి పేరుతోనే ప్రకటించడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని. శ్రీశైల చరిత్రలో ఇంకా రాయని అధ్యాయం ఆ సేకరణతోనే మొదలవుతుంది.