మల్టిపుల్ స్క్లిరోసిస్ రోగుల పరిచర్య: పల్నాటి సీమ

మెదడునందును వెన్నుపామునందును గల నాడీతంతువులను కప్పియుండెడు మైలిన్ అను తొడుగును శరీరరక్షణ వ్యవస్థయే పరాయిదానిగా నెంచి క్షీణింపజేయుటవలన కలుగు దీర్ఘవ్యాధి మల్టిపుల్ స్క్లిరోసిస్. ఇది ప్రాయికముగా 20 నుండి 40 ఏండ్ల వయస్సున, పురుషులకంటె స్త్రీలయందు హెచ్చుగా పొడసూపును. చూపు మసకబారుట, కాళ్లు తిమ్మిరెక్కి బిగిసికొనుట, నడక తూలుట, మూత్రము పట్టు తప్పుట, నిద్రచే తీరని అలసట దీని లక్షణములు. భూమధ్యరేఖకు దూరమగుకొలది ఈ వ్యాధి ప్రబలముగా కానవచ్చును. మన దేశమున అరుదు. అరుదగుటచేతనే పల్నాటియందలి మాచర్ల వంటి పట్టణమున దీనిని ఎరిగిన పరిచారికలును అరుదుగానే లభింతురు.

పారిస్ నగరమందలి సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో పండితుడు 1868లో ఈ వ్యాధిస్వరూపమును స్పష్టముగా నిరూపించెనుగాని, నిరూపించిన దానిని నివారింపగల ఔషధ మాతని చేత లేకుండెను. అటుపిమ్మట బహుకాలము, మంచము పట్టిన రోగులలో పెక్కురు మూలవ్యాధివలనగాక, దాని వెనువెంట వచ్చు మంచపు పుండ్లవలనను, మూత్రకోశమున చేరిన క్రిములవలనను మరణించుచుండిరి. ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్‌లో 1944 నుండి గట్మన్ అను వైద్యుడు, యుద్ధమున వెన్ను విరిగిన సైనికులను రెండేసి గంటల కొకమారు ప్రక్క మార్చి పరుండబెట్టు నియమమును దృఢముగా నెలకొల్పెను. ఆ నియమమే ఈ రోగుల పరిచర్యకును ఆధారమయ్యెను. 1972లో అమెరికాయందు లాపిడెస్ అను వైద్యుడు, రోగి తన చేతులు శుభ్రముగా కడుగుకొని తానే వేళకు గొట్టము పెట్టుకొని మూత్రము తీసికొను పద్ధతిని ప్రకటించెను. ఆసుపత్రిలో నర్సు చేయుచుండిన పని ఇంట రోగికి స్వాధీనమగుట ఈ చరిత్రలో నా దృష్టికి మిక్కిలి గొప్ప ఘట్టము.

మన ప్రాంతమున శిక్షితమగు పరిచర్యకు నాంది పలికినవారిలో వైద్యురాలు అన్నా కుగ్లర్ ప్రముఖురాలు. ఆమె 1883లో గుంటూరు చేరి, 1898లో స్త్రీలకు ఆసుపత్రి నెలకొల్పెను. 1946లో గుంటూరు వైద్యకళాశాల ఏర్పడెను. నేటికిని మాచర్ల వాసికి నాడీవైద్యుని దర్శనము కావలెనన్న నడికుడి మీదుగా రైలెక్కి గుంటూరు వైపునకో, నాగార్జునసాగరము దాటి హైదరాబాదునకో పోవలసియే యున్నది. వైద్యుని చూచునది ఏడాదికి కొన్ని మారులే. తక్కిన దినములన్నియు ఇంటివారివి, ఊరి నర్సువి.

ఈ సీమలో పరిచర్యకు ప్రథమశత్రువు ఎండ. తీవ్రమగు ఎండలకు పేరొందిన రెంటచింతల మాచర్లకు సమీపముననే కలదు. శరీరోష్ణము అర డిగ్రీ హెచ్చినంతమాత్రమున తొడుగు చెడిన నాడిలో సంకేతము ఆగిపోవచ్చును. చూపు తగ్గును, కాళ్లు చచ్చుబడును, చల్లబడినపిదప మరల తేరుకొనును. 1890లో జర్మను నేత్రవైద్యుడు ఊథాఫ్ దీనిని గుర్తించుటచే ఆతని పేరే దీనికి నిలిచినది. ఒకప్పుడు రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి లక్షణములు ముదిరినయెడల వ్యాధి నిర్ణయించెడివారు, ఎం.ఆర్.ఐ. వచ్చిన తరువాత ఆ క్రూరమగు పరీక్ష మరుగుపడెను. పగలంతయు కాగి రాత్రి సైతము సెగలు చిమ్ము నాపరాతి మిద్దె క్రింద పరుండిన రోగికి ఆ పరీక్ష వేసవి పొడుగునను జరుగుచున్నట్లే యుండును. కావున స్నానము, వ్యాయామము, బజారుపని సూర్యుడు పైకెక్కకమునుపే ముగింపవలెను. స్నానము చన్నీళ్లతో గాని గోరువెచ్చని నీళ్లతో గాని కావలెను. మెడకు, మణికట్టులకు తడిగుడ్డ చుట్టవలెను. మూత్రమునకు వెరచి నీళ్లు త్రాగుట మానకుండ చూడవలెను. మే మాసమున రోగి హఠాత్తుగా నడువలేకపోయినప్పుడు వ్యాధి తిరుగబెట్టినదని తొందరపడక, ముందు జ్వరమును, మూత్రమునందలి దోషమును పరిశీలించు నర్సు ఆ యింటికి అనవసరపు స్టెరాయిడు మందులను తప్పించినదగును.

పల్లెలో పక్క సాధారణముగా నులకమంచము. అది నడుమ కుంగి, తుంటి యెముకల కడ బరువంతయు మోపును. స్పర్శజ్ఞానము తగ్గిన రోగికి ఆ ఒత్తిడి తెలియదు. తెలియకపోవుటయే ప్రమాదము. సమతలమగు పక్కపై దళసరి పరుపు వేసి, మడమలు పక్కకు తాకకుండ పిక్కల క్రింద దిండు సర్ది, దినమున కొకమారు వీపును, పిరుదులను దీపము వెలుగున చూచి, ఎఱ్ఱబారిన చోట మర్దన చేయక ఒత్తిడిని తొలగింపవలెను.

1993లో అమెరికాయందు ఆమోదింపబడిన ఇంటర్‌ఫెరాన్ బీటా మొదలుగా వ్యాధిగతిని మందగింపజేయు ఔషధములు వచ్చినవి. వీనిలో పెక్కు సూదిమందులను 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున నిలువచేయవలెను. కరెంటు పోయిన మధ్యాహ్నము ఆ పెట్టె నెక్కడ ఉంచవలెనో ముందే నిశ్చయించుకొనుటయు పరిచర్యలో భాగమే.

మన దేశమున రోగులకు అండగా మల్టిపుల్ స్క్లిరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985లో స్థాపితమయ్యెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తాను పేర్కొనిన 21 వైకల్యములలో ఈ వ్యాధిని చేర్చెను. అయినను ముఖ్యమగు సౌకర్యములకు కనీసము 40 శాతము వైకల్యము ధ్రువపడవలెను. ఈ వ్యాధియో నేడు మంచమున పడవేసి రేపు నడిపించునది. చల్లని ఉదయమున, వైకల్యమును ధ్రువపరచు సదరం శిబిరమునకు పోయిన రోగి నాలుగడుగులు చక్కగా వేసినయెడల, ఆమె మధ్యాహ్నపు దుస్థితి కాగితమునకెక్కదు. ఏ దినమున ఎన్ని అడుగులు వేసినది, ఏ వేళ పడిపోయినది, చూపు ఎప్పుడు తప్పినది అని నర్సు నెలల తరబడి వ్రాసియుంచిన పుస్తకమును గూడ శిబిరమునకు తోడుగా పంపవలెను.