సర్పంచ్ సీటుకు మన పేరు ఎవరు చెబుతున్నారు?

మన సంఘంలో లీడర్లను ఎలా ఎన్నుకుంటామో అందరికీ తెలుసు. గుండ్రంగా కూర్చుంటాం, పేర్లు చెప్పుకుంటాం, ఒప్పుకున్నాక మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెడతాం. ఇంట్లో మగవాళ్లను అడిగి రమ్మని ఎవరూ అనరు. అదే ఆడమనిషి సర్పంచ్‌గా నిలబడాలంటే మాత్రం పేరు వేరేచోట తేలుతుంది. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు.

పంచాయతీరాజ్ ఎలా ఉండాలో 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ చెప్పింది. మన రాష్ట్రంలో అది 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో మొదలైంది. సమితిలోకి ఇద్దరు మహిళలను కో-ఆప్షన్ మీద తీసుకోవాలన్నది ఆ కమిటీ మాట. అంటే ఓట్లతో పనిలేదు. గెలిచి వచ్చిన సభ్యులే, దాదాపు అందరూ మగవాళ్లే, ఎవరినో ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టుకోవడం. తమకు ఎదురు చెప్పే మనిషిని ఎవరు పిలుస్తారు చెప్పండి?

తర్వాత 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణ సభ్యుల సీట్లలోనూ, అధ్యక్ష పదవుల్లోనూ మూడో వంతుకు తగ్గకుండా మహిళలకు ఇచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. మన పొదుపు సంఘాలు ఆ ఊపులో పెరిగినవే. 2011లో మన రాష్ట్రం వాటాను సగానికి పెంచింది. 2013లో ఆ లెక్కనే ఎన్నికలు జరిగాయి.

చట్టం సీటు ఎవరిదో చెప్పింది. పేరు ఎవరు చెప్పాలో చెప్పలేదు. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులు ఉండవు కాబట్టి టికెట్ ఇచ్చే తతంగం కూడా పైకి కనబడదు. రిజర్వేషన్ జాబితా వచ్చిన సాయంత్రం పెద్దమనుషుల అరుగు మీద "ఈసారి లేడీసంట, మీ ఇంట్లో ఎవరున్నారు?" అనే మాటతో సగం ఎన్నిక అయిపోతుంది. ఏకగ్రీవం అంటే మిగతా సగం కూడా అక్కడే.

మా సమాఖ్యలోని ఒక ఊళ్లో ఇలాగే జరిగింది. గ్రామ సంఘం లెక్కలన్నీ చూసే అక్క నిలబడతానంది. "ఆవిడ మాట వినదు" అని పెద్దలు ఆమెను పక్కనపెట్టి, ఒకాయన భార్యతో నామినేషన్ వేయించారు. ఏ కాగితం మీద సంతకం పెడుతోందో ఆ తల్లికి తెలియదు. మేమూ ఆమెను చాలాకాలం చులకనగానే చూశాం, ఒప్పుకోవాలి. మూడో ఏడాదికి ఆమె చదవకుండా చెక్కు మీద సంతకం పెట్టనంది. ఆ ఇంట్లో ఎంత గొడవైందో మాకు తెలుసు. రిజర్వేషన్ మారగానే ఆమె పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇంకో అడ్డు ఉండేది. చట్టం చెప్పిన గడువు తర్వాత ఇద్దరికి మించి పిల్లలు పుడితే పోటీకి పనికిరారు. ఎంతమందిని కనాలో ఏ కోడలు తేల్చుకుంటుంది? మగపిల్లాడు కావాలని అత్తింటివాళ్లు పట్టుబడితే మూడో కాన్పు మోసిందీ ఆమే, సీటు పోగొట్టుకున్నదీ ఆమే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నిబంధనను 2024లో తీసేశారు. ఈ సంగతి తెలియనివాళ్లు మనలో ఇంకా ఉన్నారు.

పైన ఢిల్లీలోనూ ఇదే వరస. మహిళా బిల్లు 1996లో మొదటిసారి లోక్‌సభకు వచ్చి, 2023లో గానీ చట్టం కాలేదు. జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలంట. 2024లో గెలిచిన 543 మంది ఎంపీల్లో ఆడవాళ్లు 74 మంది. పార్టీలు టికెట్ ఇస్తే కదా గెలిచేది!

2021 ఫిబ్రవరిలో గెలిచిన పంచాయతీల గడువు ఐదేళ్లే. సంఘం ఏ పార్టీ పనీ చేయదు. కానీ జాబితా రాకముందే, మన ఊళ్లో ఎవరు నిలబడాలనుకుంటున్నారో గ్రామ సంఘం మీటింగులో అడగాలని ఈ ఏడాది అనుకున్నాం. మొదట అడిగిన ఊళ్లో రెండు పేర్లు వచ్చాయి. ఇద్దరూ తగ్గేది లేదంటున్నారు.