వల విసిరితే చాలదు.. బోధించాలంటే అర్హత కావాలి

అద్దంకి: గుండ్లకమ్మ తీరంలో వల విసరడం తండ్రి నుంచి కుమారునికి సంక్రమించే విద్య. అయితే దానిని శిక్షణ కేంద్రాలలో బోధించాలంటే అనుభవానికి ధ్రువపత్రమూ తోడు కావాలి.

పదో తరగతి ఉత్తీర్ణులైన మత్స్యకార యువతకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది సిఫ్‌నెట్. 1963లో కొచ్చిలో ఆరంభమైన ఈ కేంద్ర సంస్థకు విశాఖపట్నంలో శాఖ ఉంది. ఇక్కడ వెసల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సుల కాలవ్యవధి రెండేళ్లు. ప్రవేశానికి గణితం, సామాన్యశాస్త్రాలలో మార్కులు కీలకం. వయోపరిమితి ఉన్నందున జాప్యం తగదు. అనంతరం సముద్రయానానుభవం గడించి మేట్, స్కిప్పర్ సామర్థ్య పరీక్షలు రాయవచ్చు.

రెండవది కృష్ణా జిల్లా భావదేవరపల్లి మత్స్య పాలిటెక్నిక్‌లో డిప్లొమా. ఇంటర్ బైపీసీ చదివినవారికి నెల్లూరు జిల్లా ముత్తుకూరు కళాశాలలో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ ఉంది.

శిక్షకుడు కాగోరేవారు వల అల్లిక, ముడులు, దిక్సూచి వినియోగం, ప్రథమ చికిత్సలను స్వయంగా చేసి చూపగలగాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఎందుకో వివరించగలగాలి. వల కన్ను మరీ చిన్నదైతే పిల్లచేపలు నశించి మరుసటి ఏటి జీవనోపాధికే ముప్పు. రక్షణ కవచం ధరించడం నేర్పని గురువు వల్ల నష్టపోయేది శిష్యుని కుటుంబమే.