నస్యశబ్దము - పెద్దముడియపు బరిణ

జమ్మలమడుగు ప్రాంతమునందలి పెద్దముడియము చరిత్రజ్ఞులకు క్రొత్త గ్రామము గాదు. త్రిలోచనపల్లవునితోడి యుద్ధమున విజయాదిత్యుడు మడియగా, గర్భవతియగు అతని రాణి శరణుజొచ్చిన ముడివేమగ్రహారము ఇదియేయని విద్వాంసులు గుర్తించియున్నారు. ఆమెను కూతువలె కాపాడినవాడు విష్ణుభట్టసోమయాజి యని రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనము చెప్పుచున్నది.

కొన్ని యేండ్ల క్రిందట తాళపత్రములు చూచుటకై ఆ యూర నొక గృహస్థుని యింటికి బోయితిని. తాటాకుకట్టల నడుమ నొక యిత్తడి బరిణ కనబడెను. అది పిడికిట నిముడును. మూతపై లతలు చెక్కబడియున్నవి. చేతి రాపిడికి అందు సగము చెరిగినవి. లోపల అంచున నల్లని పొడి గట్టిపడియుండెను. వాసన చూచితిని, పొడుమే, సందేహము లేదు. గృహస్థుడు, "ఇది సోమయాజులవారి నాటిది, అయ్యవారూ! నస్యము మన వైద్యశాస్త్రములో లేదా?" యనెను.

ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. నస్యశబ్దము ప్రాచీనమే. శరీరావయవవాచకములకు హితార్థమున యత్ప్రత్యయమును పాణిని విధించెను (5-1-6). ఆ ప్రత్యయము పరమగునపుడు నాసికాశబ్దమునకు నస్ ఆదేశమగునని వార్తికము. కావున నాసికకు హితమైనది నస్యము. లోకులు 'నశ్య'మని తాలవ్యముతో పలుకుదురు. అట్లైన ధాతువు మారి నాశార్థము వచ్చును. నేటి వైద్యులు ఆ పాఠమునే మెత్తురు కాబోలు!

చరకసుశ్రుతులు నస్యమును శిరోరోగచికిత్సలలో చెప్పిరి. సుశ్రుతుడు చెప్పిన భేదములలో ప్రధమనమనునది చూర్ణమును నాళముతో ముక్కులోని కూదుట. చూర్ణమున్నది, ముక్కున్నది, పేరున్నది. పొగాకు మాత్రము లేదు. ఆ మొక్క అమెరికాఖండమునకు చెందినది. 1492కు పూర్వము మన దేశమున దాని నెఱిగినవారు లేరు. పోర్చుగీసులవలన దక్కనుకు వచ్చినది. అక్బరు దూతయగు అసదుబేగు బిజాపురమున దానిని చూచి, 1604 ప్రాంతమున చక్రవర్తికడకు గొనిపోయెను. జహంగీరు 1617లో నిషేధించెను గాని వాడుక నిలువలేదు.

తెలుగువారు దీనికి పెట్టిన పేరు పొగాకు. పొగ త్రాగుటయే మనకు ముందు తెలిసినదని ఆ పేరే సాక్ష్యము. పొడిచేసి పీల్చుట వ్యాపించిన పిమ్మట 'పొడుము' అను దేశ్యనామముతోపాటు నస్యమను శాస్త్రనామము గూడ దానికి దక్కినది. చుట్ట పెదవి కంటును, ఎంగిలియగును. పొడుమునకు ఆ దోషము లేదు. పైగా వైద్యగ్రంథపు పేరు. అగ్రహారములలో చుట్టను అసహ్యించుకొన్నవారు సయితము బరిణను మొలలో దోపుకొనుటకు ఈ రెండును కారణములని నా యూహ. ఐరోపాలోను తొలుత ఔషధగౌరవమే కలిగినది. 1560 ప్రాంతమున లిస్బనులోని ఫ్రెంచి రాయబారి నికో దీనిని మందని తన రాజాస్థానమునకు పంపెను. నికోటిను అను పేరు ఆతనినుండియే వచ్చినది. పదునెనిమిదవ శతాబ్దినాటికి మందు మాట మఱుగై, బంగారుపెట్టెలు, మీనాపని పెట్టెలు ప్రభువుల చేతుల కెక్కినవి. ప్రష్యారాజగు రెండవ ఫ్రెడరికు వాటిని కూడబెట్టెను. మన బందరు పొడుము లండనులో అమ్ముడుపోయినది.

మన యిండ్లలో ఇంత యాడంబరము లేదు. ఈనెలు తీసిన ఆకును వేచి, మట్టిపాత్రలో నూరి, నేయి, సున్నము చేర్చెడివారు. గాలి సోకిన ఘాటు చచ్చును గనుక మూత బిగువుగా నుండవలెను. బరిణకు ముఖ్యగుణ మదియే, చెక్కడము తరువాతి మాట.

పెద్దముడియపు బరిణకు మూత బిగువే. అయిన అందలి పొడి బరిణ వాడుకను చెప్పును గాని పుట్టుకను చెప్పదు. కుంకుమకో, గంధమునకో చేసినదానిని తరువాత పొడుమునకు మార్చియుండవచ్చును. కనుక బరిణ వయస్సును నేను నిర్ణయింపను. పొడుము మాత్రము కోరుమిల్లి శాసనమునకు ఐదువందల యేండ్లకు తక్కువగాక తరువాతిది. ఈ మాట చెప్పగా గృహస్థుని ముఖము చిన్నబోయెను. ఆ కట్టలలోనే వైద్యగ్రంథమొకటి యుండెను. నస్యప్రకరణము తీసి యిద్దరము కలిసి చదివితిమి. నువ్వులనూనె, పిప్పలి, శొంఠి కనబడినవి. ఆయన బరిణను తాటాకులనుండి వేరుచేసి గూటిలో నుంచెను.